నాలుగో బాస్

వికారాబాద్,
10 జూన్ 2024

బిడ్డా అమూల్యా,

ఉత్తరం చూసి కంగారు పడతావని ముందే రాస్తున్నాను, నేను బాగానే ఉన్నాను. పక్షవాతం తర్వాత కాలు మళ్లీ నడకకు వచ్చింది. ఎడమ చెయ్యి సగం వచ్చింది. నోరే ఇంకా నా మాట వినడం లేదు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "బిడ్డా" అంటే నీకు "బిల్లా" అని వినబడింది. "ఏ బిల్లు మామా, కరెంటుదా?" అన్నావు. ఫోన్ మీ అత్తకు ఇచ్చి లేచిపోయాను. కాగితం మీద నా మాట తడబడదు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. ఫోన్‌లో టైపు కొట్టడం నాకు బాగున్న రోజుల్లోనే రాలేదు.

చూడడానికి మాత్రం రావద్దు. మూతి ఇంకా జర వంకరగానే ఉంది. ముఖం సర్దుకున్నాక నేనే పిలుస్తాను.

ఇక అసలు సంగతి. మీ అమ్మ మీ అత్తకు ఫోన్ చేసి ఏమందో తెలుసా? "మూడోది గూడ వచ్చింది పద్మా. బెంగళూరు నుంచి పెట్టెల పండుకొని వచ్చింది. అమూల్య ఒక్కటి వాయిస్తుంటె మిగతయి పక్కన కూసొని ఇంటయా ఏంది?" పద్మారాణి పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆసక్తి కలిగింది. ముప్పయ్యేళ్లు హన్మయ్య ఆర్కెస్ట్రాలో పెళ్లిళ్లకూ వినాయక మండపాలకూ బాస్ గిటార్ వాయించాను. అన్నేళ్లూ ఒక్కటే బాస్. అదీ కంపెనీది, హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మితే కొన్నది. ఒక మనిషి చేతికని కొలతలు తీసి చేసే బాస్‌లు ఉంటాయని విన్నానే గాని ఎన్నడూ ముట్టుకోలేదు. ఏముంటుంది వాటిలో? నువ్వెందుకు ఒకదాని మీద ఒకటి చేయించుకుంటున్నావు? తీరికగా రాయి.

నాది గోడకు వేలాడుతోంది. ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు లేవడం లేదు. మిగిలిన వేళ్లతో కూరగాయల సంచి పట్టుకోగలను. పాట పట్టుకోలేను.

ఫిజియోథెరపీ అమ్మాయి వినీత వచ్చింది. చెయ్యి చాపాలి, ఉంటాను.

మీ మామ,
కుమారస్వామి

*

తాండూరు,
19 జూన్ 2024

మామా,

మీ ఉత్తరం ఇంటికి కాకుండా పాలిషింగ్ యూనిట్‌కు వచ్చింది. రాతి పొడి చేతులతోనే చింపాను. యూనిట్‌లో నా భాగస్వామి ఈశ్వర్ అన్న ఏదో నోటీసు అనుకుని కోత మిషన్ ఆపి మరీ పరుగెత్తుకొచ్చాడు. "మామ రాసిండు" అంటే, "గింత దూరానికి ఉత్తరమా?" అని నవ్వుకుంటూ పోయాడు. ఆ బిల్లు మాటకు నన్ను క్షమించండి. వెనక మిషన్ మోగుతోంది, నాకు నిజంగానే అలా వినబడింది.

నా బాస్‌ల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగినవాళ్లు ఎంతయిందనే అడుగుతారు. మీరు ఏముంటుంది వాటిలో అన్నారు. అందుకే పొడుగ్గా రాస్తున్నాను, ఓర్చుకోండి.

మొదటిది బెంగళూరులో సోమేశ్వర్ అనే ఆయన చేశాడు. ఒక్కడే కూర్చుని చేస్తాడు, ఏడాదికి పట్టుమని పది కూడా చేయడు. నా అరచేతి ఫోటో అడిగాడు. కూర్చుంటే మోచేయి ఎక్కడికి వస్తుందో అడిగాడు. దేహానికి పనస చెక్క వాడాడు. మీటితే ఒక వెచ్చని శబ్దం. రెండోది షిల్లాంగ్‌లో ఇద్దరు అన్నదమ్ములు చేశారు. ముదురు చెక్క, నల్ల తీగలు, కందుల బస్తా అంత బరువు. మూడోది మళ్లీ సోమేశ్వర్‌దే, ఐదు తీగలు. అడుగు తీగ మీటితే మా ఇంటి కిటికీ అద్దాలు గుయ్యిమంటాయి, అమ్మ తిడుతుంది.

ఎందుకు అంటే ఏం చెప్పను? పొద్దంతా రాయి కోసే మిషన్ సన్నని కేక చెవుల్లో ఉంటుంది. ఇంటికి వచ్చి బాస్ ఒళ్లోకి తీసుకుంటే ఆ కేక కిందికి దిగి, ఎక్కడో కడుపులో ఆగిపోతుంది. అంతవరకు ఒక్క బాస్ చాలు. కానీ నాకు చాలదు. చేయమని చెప్పినప్పటి నుంచి వచ్చేదాకా కుదురుండదు. పెట్టె తెరిచిన రోజు పండగ. ఆ పండగ వాసన పోకముందే దానిలో లేనిదేదో వినబడుతుంది. ఇంకొంచెం గుండ్రంగా ఉండాలి, ఇంకొంచెం లోతుగా పలకాలి అనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి మనసు తర్వాతిదాని మీదే.

అలా ఇప్పుడు సోమేశ్వర్‌కే నాలుగోది చేయమని చెప్పాను. పొట్టి బాస్. మెడ సన్నగా, ఒళ్లు తేలిగ్గా. దానికి మీ సాయం కావాలి. పదో తరగతి సెలవుల్లో నేను నేర్చుకున్నది మీ బాస్ మీదే కదా. ఆ మెడ కొలతలు పంపుతారా? తల దగ్గర ఎంత వెడల్పు, నడుమ ఎంత మందం. అత్తతో దారం చుట్టించి, ఆ దారమే పంపినా చాలు. మీ ఎడమ చేతి వేళ్లు ఎక్కడ ఆనేవో, బొటనవేలు వెనక ఎక్కడ ఉండేదో కూడా రాయండి.

అత్తకు నమస్కారాలు.

అమూల్య

*

వికారాబాద్,
2 జులై 2024

నా బిడ్డకు,

దారాలు పంపుతున్నాను. ఎర్రది తల దగ్గరిది, తెల్లది నడుమది. పద్మారాణి చుట్టింది, నేను పట్టుకున్నాను. పట్టుకోవడానికి బాస్‌ను గోడ మీంచి దించాల్సి వచ్చింది. దించాక మళ్లీ ఎక్కించలేదు. మంచం పక్కనే ఉంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పొట్టి బాస్, సన్నని మెడ, తేలికైన ఒళ్లు, నా వేళ్లు ఆనే చోట్లు. ఎవరి చేతికని నేను అడగను బిడ్డా. కొన్ని అడిగితే చిన్నబోతాయి. నా బొటనవేలు మెడ వెనక నడిమధ్యలో ఉండేది. ఇప్పుడూ ఉండగలదు, ఆ వేలికి ఏమీ కాలేదు. మెడ పక్కన వేలికి దారి చూపే చుక్కలు జర పెద్దవిగా, తెల్లగా పెట్టమను. చిన్నవైతే స్టేజీ మీద లైట్ల వెలుగులో కళ్లకు ఆనవు. రంగు మెరవొద్దు.

నిన్నటి నుంచి రబ్బరు బంతి నొక్కడం పెంచాను. వినీత ఆశ్చర్యపోయింది. "ఏమైంది అంకుల్, ఇన్ని దినాలు బంతిని జూస్తేనే మొకం దిప్పుకునేటోళ్లు?" అంది. నవ్వి, బంతి మళ్లీ నొక్కాను. అక్కడ మెడ తయారవుతుంటే ఇక్కడ వేళ్లు తయారు కావద్దా?

ఆశీస్సులతో,
మామ

*

తాండూరు,
15 జులై 2024

మామా,

దారాలు అందాయి. ఫోటో తీసి సోమేశ్వర్‌కు పంపాను, ఆయన నవ్వలేదు, మెచ్చుకున్నాడు. చుక్కల సంగతీ చెప్పాను. నాకైతే తోచేదే కాదు.

మీ వేళ్లకు వ్యాయామం పెంచారని చదివి అమ్మ చాలా సంబరపడింది. "వాడు చిన్నప్పటి సంది గంతే, ఒక్కదాని మీద మనసు వడితే ఇడ్వడు" అంటోంది. విడవకండి.

ఇక్కడ ముసురు. నాపరాళ్లు కోసే పని సగం ఆగింది, లారీలు గనుల దగ్గర బురదలో దిగబడుతున్నాయి. పని లేకపోతే నాకు ఇంకా పరేషాన్. మూడు బాస్‌లూ వంతులవారీగా తీస్తున్నాను, పెడుతున్నాను. నాలుగోది దసరా తర్వాత వస్తుందట. రాగానే మీ దగ్గరికి తెస్తాను, మీరు పట్టుకుని చూసి చెప్పాలి. మీ అంత చెవి నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ లేదు.

అమూల్య

*

తాండూరు,
18 అక్టోబర్ 2024

మామా,

ఈసారి ఆలస్యం చేశాను, కోప్పడకండి. పొట్టి బాస్ దసరాకు ముందే వచ్చేసింది. మీకు చూపించాలనే అనుకున్నాను. కానీ ఏం చెప్పను, వారం తిరగకుండానే నా మనసు విరిగిపోయింది. చేతికి హాయిగా ఉంది, మెడ అచ్చం మీ బాస్ మెడే, కళ్లు మూసుకుంటే పదో తరగతి సెలవులు గుర్తొచ్చాయి. కానీ గొంతు లేదు. నాకు కావాల్సిన లోతు పలకలేదు.

ఇంతలో పుణెలో నాలాంటి పిచ్చివాడే ఒకాయన పరిచయమయ్యాడు. ఆయనకు పొట్టి బాస్ కావాలి. ఆయన దగ్గర గోవాలో ఒక ముసలి వడ్రంగి చేసిన బాస్ ఉంది. దానికి ఫ్రెట్లు లేవు మామా! మెడ మీద అడ్డంగా ఒక్క పట్టీ కూడా లేకుండా, నున్నగా, వాయులీనం మెడలాగా. మార్చుకున్నాం. మొన్న వచ్చింది. మీటగానే నా ఒళ్లు ఝల్లుమంది. దీని గురించి వివరంగా మళ్లీ రాస్తాను, లారీ వచ్చింది.

అమూల్య

*

వికారాబాద్,
18 అక్టోబర్ 2024

బిడ్డా,

దసరా పోయింది. ఏ రోజైనా వస్తావని ఎదురుచూస్తున్నాను. అడగనని రాశాను గాని ఇక దాచలేను, సంతోషం కడుపులో పట్టడం లేదు.

హన్మయ్య మొన్న మా ఇంటికి వచ్చాడు. కార్తీకంలో ధారూర్‌లో పెళ్లి ఉందట. "ఏం కుమారన్నా, ఉత్తగ వచ్చి కూసో, పాటలినిపో" అన్నాడు. "కూసునుడు కాదు, వాయిస్త" అన్నాను. వాడు నా చెయ్యి వంక చూశాడు. "మా అక్క బిడ్డ, నా కోడలు, నా చేతికి తగ్గ బాస్ చేపిస్తుంది, పొట్టి మెడది" అని చెప్పాను. నా నోటి వెంట ఆ మాట ఎక్కడా నత్తి పడలేదు అమూల్యా. పద్మారాణి వంటింట్లోంచి విని వచ్చి నిలబడింది.

రోజూ నా పాత బాస్ మీద రెండు వేళ్లతో సాధన చేస్తున్నాను. దీని మెడ లావు, వేలు అందుకునేలోపు తాళం వెళ్లిపోతుంది. నువ్వు నాకోసం చేయిస్తున్నదాని మీద అయితే అందుతుంది. ఉంగరం వేలు మొన్న కొంచెం లేచింది. వినీత చప్పట్లు కొట్టింది.

తొందరగా తీసుకురా. మూతి వంకర సంగతి ఇక పట్టించుకోను.

మామ

*

వికారాబాద్,
23 అక్టోబర్ 2024

అమూల్యకు,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డట్టున్నాయి. పొట్టి బాస్ పుణె చేరిందని చదివాను. నీకు నచ్చినది దొరికింది, మంచిది.

నేను రాసినది మరిచిపో. చించెయ్.

కుమారస్వామి

*

తాండూరు,
26 అక్టోబర్ 2024

మామా,

అమ్మ నా పక్కనే కూర్చుని చెబుతోంది. "మామ కోసమే చేపిచ్చిన, గాని చెక్క పలిగింది, అందుకే మార్చుకున్న అని రాయి. వాని పానం నిమ్మలమైతది. నీదేం పోతది?" నాదేమీ పోదు. అయినా రాయలేకపోతున్నాను.

నాలుగో బాస్ మీకోసం చేయించలేదు. నాకోసమే. పొట్టిది ఎందుకంటే రాతి పలకలు ఎత్తీ ఎత్తీ నా భుజం నొప్పి. సన్నని మెడ ఎందుకంటే నా చెయ్యి చిన్నది. మీ బాస్ కొలతలు ఎందుకంటే నా చెయ్యి మొదట తాకిన మెడ అది. మీ చెయ్యి నాకు గుర్తుకే రాలేదు మామా. మీరు ఉత్తరంలో వేళ్ల గురించి అంత రాసినా, చదివినా, గుర్తుకు రాలేదు. నేను మంచిదాన్నని అనుకునేవాళ్లకు ఇది చెప్పడం కష్టంగా ఉంది.

నిన్న పుణె ఆయనకు ఫోన్ చేసి వెనక్కి ఇమ్మని అడిగాను. ఆయన కూతురు దాన్ని దించడం లేదట, ఇవ్వనన్నాడు. నేనూ ఇవ్వను ఆయన స్థానంలో ఉంటే.

ఒక్క మాట అంటాను, తిట్టండి. మీరు మాత్రం ఎందుకు అడగలేదు? నేను ఒకటి చేయించుకుంటే అది ఎవరికో మేలు చేయడానికే అయి ఉంటుందని ఎందుకు అనుకున్నారు? ఈశ్వర్ అన్న పోయినేడు కారు మార్చాడు. ఎవరి కోసమని ఏ ఒక్కరూ అనుకోలేదు, ఆయన కోసమే అనుకున్నారు. నాకు కావాలి మామా, ఊరికే కావాలి. నా ఆరాటం నాది. దాంట్లో గొప్ప గుణమేదీ లేదు.

మీకు ఒకటి చేయించి పంపనా అని ఇప్పుడు రాస్తే జాలి అంటారు. అందుకే రాయను. మీకు కావాలంటే అడగండి.

అమూల్య

*

వికారాబాద్,
28 నవంబర్ 2024

అమూల్యా,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించలేదు. "మీ చెయ్యి నాకు గుర్తుకే రాలేదు" అన్న చోటు దాటి ముందుకు పోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. కోపం వచ్చింది. హన్మయ్యకు రానని చెప్పి పంపాను. "రాకుంటె మానె అన్నా, కీబోర్డుల్నే బాస్ గొట్టుకుంటం" అన్నాడు వాడు. ఆ మాటతో ఇక ఆగలేక, కోపంతోనే మళ్లీ వస్తానని చెప్పి పంపాను.

నా పాత బాస్ తీసుకుని ధారూర్‌లో రైలు దిగాను. మొదటి పాట నడిచింది. రెండోది కూడా నడిచింది, నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. మూడో పాట నడుమ చెయ్యి బిగుసుకుంది. ఒక తప్పు స్వరం పడింది. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఆ పాట నుంచి వాల్యూమ్ సున్నాకు తిప్పేసి, చివరిదాకా ఉత్తుత్తిగా వాయించాను. నవ్వుతూ, తల ఊపుతూ. కీబోర్డు అబ్బాయి మెల్లగా బాస్ అందుకున్నాడు.

భోజనాల దగ్గర పెళ్లికొడుకు తండ్రి నా భుజం తట్టి, "మస్తు గొట్టినవన్నా" అన్నాడు. విన్నవాళ్లలో ఎవరికీ తెలియలేదు బిడ్డా. ముప్పయ్యేళ్లుగా నేను చేసిన పని ఆగిపోతే ఒక్కరికీ తెలియలేదు. తప్పు పడ్డప్పటి కంటే అప్పుడు ఎక్కువ బాధ కలిగింది.

నిన్ను అడగలేదన్నది నిజం. అడిగితే కాదంటావని భయం, అందుకే అడగలేదు. అదేదో మర్యాద అనుకున్నాను.

వచ్చే ఆదివారం రైలుకు తాండూరు వస్తాను. ముఖం ఇంకా వంకరే. నీ బాస్‌లు చూపించు. జాలి చూపిస్తే మాత్రం వచ్చిన రైలుకే తిరిగి పోతాను.

మామ

*

వికారాబాద్,
10 డిసెంబర్ 2024

బిడ్డా,

ఆ రోజు మీ ఇంట్లో మాట్లాడలేకపోయాను. నోరు తిరగలేదనే అనుకున్నావేమో, అది కాదు.

నువ్వు ఒక్కొక్కటే పెట్టెలోంచి తీసి నా ఒళ్లో పెట్టావు. పనస చెక్కది బాగుంది, మర్యాదస్థుడిలాగా ఉంది. షిల్లాంగ్‌ది నా వల్ల కాలేదు, దాని బరువుకు నా తొడ తిమ్మిరెక్కింది. ఐదు తీగలదాని మీద వేళ్లు దారి తప్పాయి. చివరగా, ఇవ్వాలా వద్దా అన్నట్టు ఆ పుణె నుంచి వచ్చినదాన్ని ఇచ్చావు.

ఫ్రెట్లు ఉన్న బాస్ మీద ప్రతి స్వరానికీ వేలు ఎత్తాలి, సరిగ్గా దించాలి. నా వేలు లేవదు. దీని మీద ఎత్తే పనే లేదు. జారితే చాలు. తీగలు మెత్తగా ఉన్నాయి, గట్టిగా నొక్కాల్సిన పనీ లేదు. స్వరం ఎక్కడుందో చెవి చెబుతుంది, నా చెవికి పక్షవాతం రాలేదు. రెండు వేళ్లతో ఒక పాట మొత్తం వాయించాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. నీ ముఖం చూశాను. సంతోషించావు. నేను అంతసేపు దాన్ని పట్టుకోవడం నీకు నచ్చనూ లేదు. రెండూ చూశాను.

నాకు ఆ బాస్ కావాలి అమూల్యా. ఈసారి అడుగుతున్నాను. కొన్నాళ్లు వాడి ఇస్తానని కాదు. కావాలి. కాదంటే కాదని రాయి. కాదన్నా నేను నీకు మామనే, ఉత్తరాలు మానను.

కుమారస్వామి

*

తాండూరు,
29 డిసెంబర్ 2024

మామా,

ఇన్ని రోజులు జవాబు రాయలేదు. ఇవ్వనని రాసేద్దామనే చాలాసార్లు కూర్చున్నాను.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ బాస్ వచ్చిన రోజు నుంచి నాకు తర్వాతిది గుర్తుకు రాలేదు. సోమేశ్వర్ రెండుసార్లు ఫోన్ చేసి, ఏం మేడం, ఐదోది ఎప్పుడు అన్నాడు. నాకు ఏ కోరికా పుట్టలేదు. నాకు ఇలా ఎప్పుడూ జరగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి మనసు ఒక చోట కూర్చుంది, సరిగ్గా దాన్నే మీరు అడిగారు. మిగిలిన మూడూ అడిగి ఉంటే మూడూ ఆ రోజే రైలెక్కించేదాన్ని.

అలాంటిదే ఇంకొకటి చేయిస్తే సరిపోతుందని గోవాకు ఫోన్ చేశాను. ఆ ముసలాయనకు చూపు తగ్గి పని మానేశాడట. ఇక అది ఒక్కటే.

మీరు వెళ్లాక రోజూ దాన్నే వాయించాను. మీరు పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ప్రయత్నించాను. నాలుగు వేళ్లతోనూ వాయించాను. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మీరు జారినప్పుడు మధ్యలో ఒకటి వినబడింది చూడండి, అది నాకు రావడం లేదు. వచ్చేదాకా నా దగ్గరే ఉంచుకోవచ్చు. వస్తుందేమో కూడా. కానీ మీరు అంతవరకు గోడ వంక చూస్తూ కూర్చోవాలి.

రేపు ఈశ్వర్ అన్న కలెక్టరేట్ పని మీద వికారాబాద్ వస్తున్నాడు. కారు వెనక సీటు మీద పెట్టి పంపుతున్నాను. ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. పొద్దుటి నుంచి పెట్టె మూత వేయడం, మళ్లీ తెరవడం. అమ్మకు విసుగొచ్చింది. "ఇస్తె ఇయ్యి, లేకుంటె లేదను. నడుమ గీ తెరుసుడు మూసుడేంది?" అంది. అందుకే మూసేశాను.

ఇష్టంగా ఇస్తున్నానని అనుకోకండి. మళ్లీ పొరపాటు పడతారు. నాకు ఏడుపు వస్తోంది, కోపం కూడా వస్తోంది. అది ఉన్న చోటు ఖాళీ అయ్యేసరికి సోమేశ్వర్ నంబరు మీదకు చెయ్యి పోతోంది. రేపో ఎల్లుండో చేస్తాను కూడా, నా సంగతి నాకు తెలుసు. అయినా ఇస్తున్నాను.

ఎండ తగిలే చోట పెట్టకండి. మూడో తీగ మిగతావాటి కంటే జర గట్టిగా మోగుతుంది, దాన్ని సరిచేయించొద్దు, దాని గుణమే అంత. హన్మయ్య గారు ఎవరిచ్చారని అడిగితే నా కోడలు నాకోసం చేయించింది అని చెప్పొద్దు. నా కోడలిని అడిగి తీసుకున్నాను అని చెప్పండి.

అమూల్య